గొట్టంలో పడిన మాట

పెట్టెకు ఎర్రలైటు వెలగతా ఉండింది. దాని పక్కన నీలంలైటు మిణుకు మిణుకుమంటా ఉండింది. ఇన్ని లైట్లు వెలిగీ పెట్టె మాత్రం నోరు తెరవలేదు. గోవిందు దాని ముందర మోకాళ్ళ మీద కూలబడి, కనిపించిన గుబ్బనల్లా ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిప్పి, కనిపించిన బటన్నల్లా వత్తి, చేతి మైకును మూతికి ఆనించుకోని "నాయనా... ఓ నాయనా..." అని అరిసినాడు. ఆ అరుపు పందిరి గుంజ దాటి పోలేదు. బయట పలకలు, డప్పులు, ఈలలు, వేలమంది జనం. తిరపతి గంగమ్మ జాతర నాడు ఎవురి నోటి మాట ఎవురికి ఇనపడతాది?

"అమ్మా, నీకు పున్నెముంటాది, దీన్ని మాట్లాడించేది ఎట్లమ్మా?" అని పంకజాక్షమ్మను అడిగినాడు.

పంకజాక్షమ్మ అంబలి పందిరి ఆమె. ఏటా జాతరకు ఆమె, ఆమె కొడుకు సుందరరాజు ఇంటి ముందర పందిరేసి, వచ్చేపొయ్యే వాళ్ళకు రాగంబలి పోస్తారు. పెట్టె సుందరరాజుది. ఆ యేడే, రెండువేల తొమ్మిదిలో, మదరాసుకు పోయి తెచ్చినాడు. పట్టుకోను పిడి, ఈడ్సుకుపోను చక్రాలు, వైరే లేని చేతి మైకు. అట్లాంటిది ఆ వీధిలో ఇంకొకరికి లేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట. తెల్లారుజామున్నే లేచి దాంట్లో అమ్మోరి పాటలు పెట్టి వీధి వీధంతా లేపినాడు ఆ మారాజు. ఇప్పుడు అవసరానికి మాత్రం లేడు. జాతరలో దినానికొక ఏసం, ఆ పొద్దు బైరాగి ఏసం; అది కట్టుకోని గుడికి పోయినాడు. సెల్లు ఇంట్లోనే పెట్టి పోయినాడు. ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము పూసుకున్నోడు సెల్లు యాడ దోపుకుంటాడు?

"నాకేం తెలుసప్పా? నేను దాని మింద చెయ్యేస్తే మావాడు రంకెలేస్తాడు. అంబలి కావాలంటే చెప్పు, పోస్తా," అనింది పంకజాక్షమ్మ.

"నాకు కావలసింది అంబలి కాదమ్మా, మా నాయన!" అన్నాడు గోవిందు. అంటానే నలబై అయిదేండ్ల మనిషి, మీసాలున్న మనిషి, చిన్నబిడ్డ మాదిరి పెదవులు వణికించినాడు. పంకజాక్షమ్మ గరిటె కడవలో వదిలేసి వచ్చి పక్కన కూచునింది.

గంట కిందటి దాకా నాయన చెయ్యి గోవిందు చేతిలోనే ఉండింది.

నాయన పేరు చెంగయ్య. డెబ్బై ఆరేండ్లు. పాకాల జంక్షనులో ముప్పై యేండ్లు గ్యాంగుమేను పని చేసినాడు. సుత్తి భుజానేసుకోని పట్టాల ఎంబడి నడిసి నడిసి కాళ్ళరిగిన మనిషి. గోవిందుకు అయిదేండ్లప్పుడు అమ్మోరు పోసింది. ఒళ్ళంతా బొబ్బలు. తొమ్మిది దినాలు పిల్లోడు కండ్లు తెరవలేదు. చూడవచ్చిన చుట్టాలు గడపలోంచే తల అడ్డంగా ఊపి పోయినారు. చెంగయ్య మాత్రం తిరపతి దిక్కుకు తిరిగి, "గంగమ్మ తల్లీ, నా అబ్బోడు కండ్లు తెరిస్తే, నా పానముండే దాకా ఏటేటా నీ జాతరకు బైరాగి ఏసం కట్టుకోనొస్తా," అని మొక్కినాడు. పదో దినం అబ్బోడు కండ్లు తెరిసి అంబలి అడిగినాడు. గోవిందు ఎడమకంటి కింద ఆ మచ్చ ఈపొద్దుకీ ఉండాది. చెంగయ్య మొక్కు కూడా ఒక్క ఏడు తప్పలేదు, నలబై యేండ్లుగా.

రెండేండ్ల నుంచీ ముసలాయనకు మతిమరుపు పట్టుకునింది. మరుపంటే తాళంచెవి యాడ పెట్టినామా అని ఎతుక్కునే మరుపు కాదు. తిన్నది మరుపు. ఇల్లు మరుపు. పెండ్లాం సచ్చిపోయింది మరుపు. కడాకు కొడుకు మొగం కూడా మరుపు. గోవిందును "అప్పా" అంటాడు, దారిన పొయ్యే వాణ్ణి పిలిచినట్ల. "ఏమప్పా, మా అబ్బోడు యాడ?" అని అడగతాడు. "నేనే నాయనా మీ అబ్బోణ్ణి," అంటే ఎగాదిగా చూసి, "పరాసికాలాడొద్దప్పా, మా అబ్బోడు ఇంతుంటాడు," అని చేత్తో నడుమెత్తు చూపిస్తాడు. దినానికి ఇరవై తూర్లు.

పట్టాలు మాత్రం మరుపు రాలేదు, ఏం పాపమో! తలుపు తీసుంటే చాలు, నేరుగా పోయి పట్టాల ఎంబడి నడక. పోయిన కార్తీకంలో వెనకాల రైలు కూత పెడతా వస్తా ఉన్నా పక్కకు తొలగలేదంట. మేకలోళ్ళు ఈడ్సేసినారు కాబట్టి బతికినాడు. పట్టాల తరువాత గుర్తుండింది ఆ మొక్కొకటే. ఎండలు ముదరంగానే "ఏసం కట్టల్లప్పా, జాతరొచ్చేసింది," అని మొదలుపెట్టినాడు.

"వద్దు. ఆ జనంలో ఆయన్ను పట్టుకోని తిరగడం అయ్యే పనేనా?" అనింది గోవిందు పెండ్లాం మునిలక్ష్మి.

"ఆయనకు గుర్తుండేదే అదొక్కటి. అది కూడా తీసేస్తే ఇంగేముంటాది మే ఆయనకు?" అన్నాడు గోవిందు.

పొద్దున్నే ముగ్గురూ రైలెక్కి వచ్చినారు. నామకొమ్ము అరగదీసి ముసలాయన నెత్తి నుంచి కాలిదాకా తెల్లంగా పూసినారు. నడుముకు యాపమండలు కట్టి, మెడలో రెల్లకాయల దండేసినారు. అద్దం చూపిస్తే తనను తాను గుర్తుపట్టి బోసినోటితో నవ్వినాడు. కన్నకొడుకును గుర్తుపట్టని మనిషి, ఏసంలో ఉండే తనను గుర్తుపట్టినాడు సూడు! మొక్కు తీరేదాకా పచ్చి గంగైనా ముట్టనన్నాడు.

గుడికాడ మొక్కు తీర్చుకోని మళ్ళుకున్న్యారు. నడివీధిలో జనం ముందుకీ వెనక్కీ తోసేస్తా ఉండంగా, "ఏమప్పా, మా అబ్బోడు యాడ?" అని మళ్ళా అడిగినాడు. ఆ పొద్దుకు అది పదమూడో తూరి. ఎండ నడినెత్తిన ఉండాది. గోవిందు తలకాయలో ఏందో పుటుక్కున తెగింది.

"నేనే గదయ్యా! నీ ఎదురుగానే సచ్చినా గదా!" అని చెయ్యి ఇదిలించేసినాడు.

ఇదిలించింది ఒక్క చణమే. ఆ చణంలో పిల్లకాయల మంద ఒకటి ఈలలేసుకుంటా మధ్యలో దూరింది. మళ్ళా తిరిగి చూస్తే ముందర బైరాగి, వెనకాల బైరాగి, అరుగు మీద బైరాగి, అందురూ తెలుపే. ఆ తెలుపులో నాయన తెలుపు ఏదని చెప్పేది?

గంటసేపు భార్యా మొగుడూ వీధి వీధీ గాలించినారు. మునిలక్ష్మి పోలీసు కేంపుకు పోయి పేరు రాయించొచ్చింది. వాళ్ళూ ఎతకతామన్న్యారు. అయినా నిలబడి కాసుకోను గోవిందుకు పానం ఒప్పలేదు. ఊరి మధ్యలో రైలుపట్టాలున్న్యాయి, పట్టాలు కనపడితే నాయన ఊరికే ఉండడు. అప్పుడు ఈ పందిట్లో పెట్టె కనిపించింది.

గోవిందు చదివింది ఏడో తరగతి. గుబ్బల కింద ఇంగ్లీసు అచ్చరాలుండాయి. వేలు పెట్టి ఒక్కోటీ కూడబలుక్కున్న్యాడు. ఎం, ఐ, సి... మిక్. ఇ, సి, హెచ్, ఓ... ఎచో. ఎచో ఏంది, పాచో ఏంది, మిక్కేంది! చేతి మైకుకు ఒక జారుడుమీట ఉండాది. పైకి జరిపితే మైకులో చిన్న ఎర్రలైటు ఒక్కసారి మెరిసి ఆరిపోతాది. "ఇదీ సచ్చింది," అని కిందికి జరపతాడు. మళ్ళా పైకి. మళ్ళా మెరిసి ఆరిపోతాది.

"అప్పా, నాకు సదువు రాదు గానీ ఒకటి చెప్తా," అనింది పంకజాక్షమ్మ. "నువ్వు ఆ మీట పైకి జరిపినప్పుడంతా ఈ పెట్టెకాడ పచ్చలైటు వెలగతా ఉండాది సూడు. కిందికి దించితే ఆరిపోతాది."

గోవిందు చూసినాడు. నిజమే. అంటే చేతిలో లైటు ఆరిపోయినా లోపల పని జరగతానే ఉండాదన్నమాట. మరి గొంతేది? పచ్చలైటు కింద గుబ్బ 'మిక్'. అంతకుముందు గుబ్బ అటూ ఇటూ తిప్పినప్పుడు మీట కిందుండింది, మీట పైకున్నప్పుడు గుబ్బ కిందుండింది. ఇప్పుడు రెండూ ఒకేసారి పైకి పెట్టి, "నాయనా!" అన్నాడు.

పెట్టె గర్జించింది. "నాయనా... యనా... యనా... నా... నా..."

పందిట్లో అంబలి తాగతా ఉండేవాళ్ళు ఉలిక్కిపడి గిన్నెలు ఒలకబోసుకున్న్యారు. గోవిందు మాట ఒకదాని మీద ఒకటి పడి కుప్ప అయిపోయింది, లోయలో అరిసినట్ల. సొంత పెండ్లామే గుర్తుపట్టలేని గొంతు అది, ఇంగ మతిలేని నాయన గుర్తుపడతాడా? 'ఎచో' గుబ్బ తిప్పినాడు. యనా యనాలు తగ్గినాయి. కడాకు తిప్పేస్తే మాట మాట మాదిరి వచ్చింది. అమ్మయ్య అనుకోని చెప్పినాడు:

"పాకాల చెంగయ్య తప్పిపోయినాడు. డెబ్బై ఆరేండ్లు. మతి లేదు. బైరాగి ఏసంలో ఉండాడు. ఎవురికన్నా కనపడితే అంబలి పందిరి కాడికి తోడుకోని రండప్పా, మీ కాళ్ళు మొక్కతా!"

బైరాగి ఏసం నాడు బైరాగి తప్పిపోయినాడంటే ఇంగ కొదవా? పది నిమిషాల్లో ఇద్దరు మొగోళ్ళు ఒక తెల్లాయన్ను రెక్క పట్టుకోని ఈడ్సుకొచ్చినారు. ఆయనకు యాబై కూడా ఉండవు. వస్తా వస్తానే పందిట్లో ఉండే వాళ్ళందర్నీ వాళ్ళ అబ్బల కాడినుంచి ఎత్తి తిట్టినాడు. జాతరలో ఏసం కట్టినోడు ఎవుర్ని ఎంత తిట్టినా కోపం తెచ్చుకోకూడదు; ఆ తిట్లు అమ్మోరికి ఇష్టం, తిట్టించుకుంటే మేలు జరగతాదని ఈ ఊళ్ళో వాళ్ళ నమ్మకం. అందురూ పకపక నవ్వి, ఆయనకొక గిన్నె అంబలి పోసి పంపించినారు. గోవిందుకు నవ్వు రాలేదు.

రెండో ఆయన్ను తెచ్చినారు. వంగిన నడుము, బోసినోరు.  "పేరేంది తాతా?" అని ఎవురో అడిగితే "చెంగయ్య" అన్నాడు. గోవిందు ఉరికిపోయి రెండు చేతులా పట్టుకున్న్యాడు. చేతులు మెత్తంగా ఉండాయి. సుత్తి పట్టిన చేతులు కావు. "నగిరి నాయనా మాది. మగ్గం పని," అన్నాడు ఆ చెంగయ్య. గోవిందు ఆ చేతులు వదల్లేక అట్లే నిలబడిపోయినాడు.

అప్పుడు చెప్పినాడొకడు, అంబలి తాగతా, ఊరకే మాటల్లో: "రైలుగేటు కాడ ఒక తెల్ల ముసలాయన పట్టాల మింద పోతా ఉన్న్యాడే, ఆయన కాదు గదా?"

మునిలక్ష్మి మొగంలో నెత్తురు లేదు. "నువ్వు ఈడనే ఉండి పిలస్తా ఉండు. ఆయన ఇటొస్తే ఎవురుంటారు? నేను పోతా," అని కొంగు నడుముకు చెక్కి జనంలోకి దూరింది.

గోవిందు పిలిచినాడు. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. పెట్టె ఎంత అరిసినా నాలుగిండ్ల అవతల పలకల మోతలో కలిసిపోతా ఉండాది. రైలుగేటెక్కడ, ఈ పెట్టెక్కడ!

"వీధి మొగదాల్లో కరెంటు స్తంభానికి మావాడు గొట్టం కట్టుండాడప్పా," అనింది పంకజాక్షమ్మ. "తెల్లారుజామున పాటలు దాంట్లోనే వచ్చినాయి, ఊరంతా ఇనపడినాయి. ఆ గొట్టం వైరు ఇదో, పెట్టె ఎనకాల పడుండాది. ఏ బొక్కలో గుచ్చతాడో నాకు తెలీదు."

పెట్టె వెనకాల నాలుగు బొక్కలుండాయి, ఒకటే తీరువి. గోవిందు వైరు ఎత్తి మొదటి దాంట్లో గుచ్చినాడు. పెట్టె చెవులు చిల్లులు పడేటట్ల కీమని కూసింది. పెరికేసినాడు. రెండోది గుచ్చితే ఏమీ లేదు. మూడోది గుచ్చినాడు. కిటుక్కుమనింది. అంతే, ఉన్న గొంతు కూడా పోయింది. "నాయనా!" అన్నాడు, పెట్టె పలకలేదు. బాదినాడు, పలకలేదు. చేతి మైకు చూసినాడు, లైటు లేదు. పెట్టె ఎనకాల కూచున్నోడికి ముందర వెలిగే పచ్చలైటు యాడ కనిపిస్తాది? 'చార్జి అయిపోయింది. అయిపోయింది. అంతా అయిపోయింది,' అనుకున్న్యాడు.

సరిగ్గా అప్పుడు దూరంగా రైలు కూసింది. పెద్ద కూత. ఆగి మళ్ళా కూసింది. పట్టాల మీద మనిషుంటే కూసే కూత అది. గ్యాంగుమేను కొడుకు, ఆ కూతలు ఆయనకు తెలీవా?

పెట్టెకు తల ఆనించి కూలబడినాడు గోవిందు. చేతి మైకు ఒళ్ళో పడుండాది. ఎవురితో చెప్తా ఉండాడో తెలీదు, నోరు దానంతటది తెరుసుకునింది.

"పో. పోతే పో ముసలోడా. నీ పాడె కట్ట, ఇంగెన్ని దినాలు సంపతావు నన్ను? అన్నం పెడితే కంచం మొగాన కొడితివి, ఊరుకుంటిని. రేత్రిళ్ళు తలుపులు బాదితివి, ఊరుకుంటిని. బిడ్డకు కడిగినట్ల కడగతా ఉండానే, కడిగే చెయ్యి ఎవురిదో కూడా నీకు తెలీదే! అప్పా అప్పా అంటావే, నేను నీకు అప్పనా? కడుపున పుట్టినోణ్ణి గదయ్యా! ఒక్క తూరి... ఒక్క తూరి అబ్బోడా అనకూడదా? ఎందుకు మొక్కినావు ఆ మొక్కు? ఆ తొమ్మిది దినాల్లోనే నన్ను సావనిచ్చింటే నాకీ నరకం ఉండునా? పో. నువ్వు పోతే ఒక పూట కడుపునిండా నిద్దరపోతా. పో, ఇంగ రావాకు. రావాకు నువ్వు!"

చెప్పేసినాడు. రెండేండ్లు పండ్ల బిగువున పట్టుకున్నది కక్కేసినాడు. కక్కినాక ఒళ్ళు తేలిక కాలేదు, ఇంకా బరువైంది. రెండు చేతుల్లో మొగం పెట్టుకోని బోరున ఏడిసినాడు. పంకజాక్షమ్మ వీపు నిమరతా కూచునింది.

ఎంతసేపైందో, మునిలక్ష్మి రొప్పుకుంటా వచ్చింది. జుట్టు ఊడిపోయుండాది. "ఆయన కాదు. గేటు కాడ ఉండేది ఇంకెవురో. రైలు నిలబడిపోయింది, ఆ మనిషిని పట్టాల మించి తొలగించినారు," అనింది. గోవిందు తల ఎత్తేలోగా గొంతు మార్చి, "ఏం మాటలయ్యా అయ్యి? నోరెట్లొచ్చింది నీకు?" అని అడిగింది.

"ఏ మాటలు?"

"ఇంకే మాటలు? గేటు కాడికి ఇనపడినాయి! గొట్టంలోంచి గంట కొట్టినట్ల!"

గోవిందు ఒళ్ళో ఉండే మైకును పామును చూసినట్ల చూసినాడు. అప్పుడే ఒళ్ళంతా తెలుపుతో సుందరరాజు పందిట్లోకి పరిగెత్తుకోనొచ్చినాడు. "ఎవురప్పా నా మైకులో తిట్టేది? జనమంతా, గొట్టంలో తిట్టి మొక్కు తీర్చుకుంటా ఉండాడే, ఎవుడో మహానుబావుడని నవ్వతా ఉండారు!" అంటా మైకు లాక్కోని పెట్టె ఎనకాలికి పోయి చూసినాడు. "అయ్యో సామీ! ఈ బొక్కలో వైరు పెడితే పెట్టెలో గొంతు మూసుకుంటాది, గొట్టంలో తెరుసుకుంటాది. ఇదో, పచ్చలైటు వెలగతానే ఉండాది గదా!"

వెలగతానే ఉండింది. వీధి వీధంతా, గుడి దాకా, గేటు దాకా, గోవిందు నాయన్ను రావొద్దన్న్యాడు. ఆ వీధుల్లో యాడో నాయన కూడా ఉండాడు. గోవిందుకు భూమి చీలితే బాగుండుననిపించింది.

పందిరి బయట కేకలు. తెలుపంతా చెమటకు చారలు చారలుగా కారిపోయి, రెల్లకాయల దండ తెగి, యాపమండలు వాడిపోయి, ఒక ముసలాయన జనాన్ని మోచేతుల్తో తోసుకుంటా వస్తా ఉండాడు. కోపంతో ఊగిపోతా ఉండాడు. చెంగయ్య!

"ఎవుడప్పా ఈడ నాయన్ను తిట్టింది?" అని పందిరి గుంజ పట్టుకోని గద్దించినాడు. "ఎవుడు? రా, ముందరికి రా! కన్న నాయన్ను రావాకు అంటాడా? జాతరలో తిట్టుకోండప్పా, ఎవురొద్దన్న్యారు? అట్లా ఏడ్సుకుంటా తిడితే అది తిట్టు కాదు. అది నిజంగా అన్నట్టు!"

మునిలక్ష్మి నోటికి కొంగడ్డం పెట్టుకునింది. గోవిందు లేసినాడు.  "నేనే," అన్నాడు. "నేనే తిట్టింది."

చెంగయ్య దగ్గరికొచ్చి మొగంలోకి మొగం పెట్టి చూసినాడు. 

"నువ్వా అప్పా? సూస్తే మంచోని మాదిరే ఉండావు," అన్నాడు చెంగయ్య. కోపం వచ్చినంత బిరీన దిగిపోయింది. గుంజ పక్కన చతికిలబడినాడు. "సరేలే, నీ నాయన, నీ ఇష్టం. నాకొక ఉపకారం చేసిపెట్టప్పా. ఆ మైకులో ఒక్క మాట చెప్పు. మా అబ్బోడు తప్పిపోయినాడు. నా చెయ్యి పట్టుకోనే ఉన్న్యాడు. ఈ పాడు జనంలో నేనే వదిలేస్తిని. పొద్దుటి నుంచీ ఎతకని సందు లేదు. చిన్నపిల్లోడప్పా, బయపడతాడు."

సుందరరాజుకు సంగతి తెలీదు గదా, "పేరేంది తాతా?" అని అడిగినాడు.

"గోవిందు."

"గుర్తులేమన్నా చెప్పు."

"ఎడమకంటి కింద అమ్మోరి మచ్చుంటాది. మచ్చ చూసి దిగులుపడొద్దని చెప్పండి, సల్లంగా చూసినాదిలే తల్లి. ఇంగేం గుర్తు చెప్పేది? మంచోడు. నన్ను ఒక్క మాటనడు."

సుందరరాజు గోవిందు మొగం చూసినాడు. ఎడమకంటి కింద మచ్చ చూసినాడు. చేతిలో ఉండే మైకును గోవిందు చేతికే ఇచ్చినాడు.

గోవిందు మీట పైకి జరిపినాడు. లైటు మెరిసి ఆరిపోయింది. "గోవిందూ..." అన్నాడు.  మళ్ళా అన్నాడు. "గోవిందూ... పాకాల చెంగయ్య కొడుకు గోవిందూ... మీ నాయన ఈడ అంబలి పందిట్లో ఉండాడు. పొద్దుటి నుంచీ నీకోసం ఎతకతా ఉండాడు. నీమింద కోపం లేదు. యాడున్నా వచ్చెయ్ రా."

వీధి మొగదాల్లో గొట్టం ఆ మాటల్ని మళ్ళా గోవిందుకే ఇనిపించింది.

"వస్తాడు. పిలిస్తే వస్తాడు మావాడు," అన్నాడు చెంగయ్య. వీధి దిక్కే కండ్లు పెట్టుకోని కూచున్న్యాడు. పంకజాక్షమ్మ అంబలి గిన్నె తెచ్చిస్తే తలకాయ తిప్పేసినాడు. "వాడు రానీ తల్లీ. వాడు కూడా ఏమీ తినలే. ఇద్దరం తాగతాం."

పొద్దుటి నుంచీ కడుపులో నీళ్ళు కూడా లేవు ముసలాయనకు. పెదవులు ఎండి పగిలుండాయి. మునిలక్ష్మి మొగుడి దిక్కు చూసింది. "పోవయ్యా," అనింది మెల్లగా. "ఆ దిక్కునుంచి రా."

గోవిందు పందిరి ఎనకాల నుంచి బయటపడినాడు. సందులోంచి చుట్టూ తిరిగి వీధిలోకొచ్చి జనంలో దూరినాడు. పది అడుగుల దూరం. ఆ పది అడుగులు వెయ్యను ఆయనకు చాతకాలేదు. ఈ తూరి కూడా అప్పా అంటే? ఇప్పుడు అప్పా అంటే ఇంగ ఈ జన్మలో తట్టుకోలేననుకున్న్యాడు. ఎవురో తోసినారు. తోపుకు పోయి నాయన ముందర పడినాడు.

"నాయనా," అన్నాడు. "వచ్చినా నాయనా."

చెంగయ్య తల ఎత్తినాడు. కండ్లు చికిలించినాడు. కుడిచెయ్యి ఎత్తి, వేలితో గోవిందు ఎడమకంటి కింద తడిమినాడు. తడిమిన చేత్తోనే చెంప మీద ఫెళ్ళున ఒకటి పీకినాడు.

"యాడికి పోయినావురా అబ్బోడా? చెయ్యి వదలొద్దని చెప్పలా నేను?"

గోవిందు దెబ్బ తిన్న చెంప అట్లే పెట్టుకోని నాయన పక్కన కూచున్న్యాడు. ముసలాయన కొడుకు మణికట్టును సుత్తి పట్టుకున్నట్ల బిగించి పట్టుకున్న్యాడు. పంకజాక్షమ్మ రెండు గిన్నెలు తెచ్చి పెట్టింది. చెంగయ్య మొదట గోవిందుకు తాపించినాడు, తరువాత తను తాగినాడు. గడ్డం మీద తెలుపులో రాగంబలి చారలు కట్టింది.

గిన్నె కింద పెట్టి కొడుకు చెవికాడికి వంగినాడు. "రేయ్ అబ్బోడా, ఇందాక ఆ గొట్టంలో ఎవుడో వాళ్ళ నాయన్ను రావాకు పో అని తిట్టినాడ్రా. ఏడ్సుకుంటా తిట్టినాడు. పాపం, ఆ ముసలోడు ఇన్న్యాడో ఏమో."

గోవిందు నాయన చేతిమీద తన రెండో చెయ్యి పెట్టినాడు.

"లేదు నాయనా," అన్నాడు. "ఆయన ఇనలేదంట."